రబ్బర్ స్ప్రే కారు మీద పేచీ పెడితే: లక్షణం, కారణం, మందు

అల్లాయ్ వీల్స్ నల్లగా మార్చాలన్నా, తళతళలాడే క్రోమ్ గ్రిల్ కనబడకుండా చేయాలన్నా ఇప్పుడు పెయింట్ షాపు దాకా వెళ్లక్కర్లేదు. పీకితే ఊడొచ్చే రబ్బర్ స్ప్రే డబ్బాలు తెచ్చుకుని ఇంటి దగ్గరే కొట్టుకోవచ్చు, మొహం మొత్తితే లాగేయొచ్చు. వీటిలో అందరికీ తెలిసిన అమెరికా సరుకు ప్లాస్టి డిప్. పట్టకార్ల పిడులను ముంచి రబ్బరు తొడుగు వేయడానికి వాడేవాళ్లు, తర్వాత స్ప్రేగా కార్ల మీదికి ఎక్కింది. పని తేలికే. కానీ తేడా కొట్టిందంటే, పది సార్లలో ఎక్కువ సార్లు మనం డబ్బా దగ్గర పిసినారితనం చూపించినందుకే.

పీకుతుంటే ముక్కలు ముక్కలుగా వస్తోంది

ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. కొనేటప్పుడు షీట్‌లా ఒక్క లాగుకే వస్తుందన్నారు, తీరా చూస్తే పాత గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. గోరు కింద ఇరుక్కుంటుంది తప్ప అంచు లేవదు.

కారణం ఒక్కటే, పొర పల్చగా ఉంది. నలుపు రెండు మూడు కోట్లకే (పూతలకే) కింది రంగును కప్పేస్తుంది. చాలామంది అక్కడితో ఆపేసి మిగతా డబ్బా దాచుకుంటారు. రంగు వచ్చింది కానీ లాగితే సాగి నిలబడే రబ్బరు పొర రాలేదు. కనీసం ఐదారు కోట్లు పడాలి, అదీ అంచుల దగ్గర కాస్త ఎక్కువగా. ప్యానెల్ మధ్యలో దట్టంగా కొట్టి, చివరలకు వచ్చేసరికి చెయ్యి తేలిపోవడం అందరం చేసేదే. కానీ పీకడం మొదలుపెట్టేది ఆ చివర నుంచే కదా.

బ్లేడుతో గీకకండి, కింది పెయింట్ పోతుంది. పాత పొరను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, దాని మీదే మరో మూడు నాలుగు కోట్లు తడిగా, దట్టంగా కొట్టండి. కొత్త కోటులోని సాల్వెంట్ పాతదాన్ని మెత్తబరుస్తుంది, రెండూ కలిసి ఒకే పొర అవుతాయి. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు ఒక మూల లేపి, పైకి కాకుండా బాడీకి దగ్గరగా వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగండి. ఎండకు గట్టిపడిన పాత కోటింగ్‌కి కూడా ఇదే మందు. డబ్బాల ఖర్చు తప్పదు. సందుల్లో మిగిలిన తునకల మీద డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే నూనె స్ప్రే) కొట్టి, కాసేపు ఆగి గుడ్డతో రుద్దితే వచ్చేస్తాయి. తర్వాత షాంపూతో కడగండి. పెయింట్ షాపులో దొరికే ఎన్.సి. థిన్నర్ మాత్రం వద్దు, అది రబ్బరుతో పాటు ప్లాస్టిక్ గ్రిల్‌ని, అసలు పెయింట్‌ని కూడా తింటుంది.

గరుగ్గా, ఇసుక చల్లినట్టు ఉంది

ఎండలో నిలబెట్టిన బండి మీద కొట్టి ఉంటారు, లేదా డబ్బా మరీ దూరంగా పట్టుకుని ఉంటారు. చుక్క రేకును తాకేలోపే గాల్లో సగం ఆరిపోయి పొడిలా పడుతుంది. మన మే నెల ఎండలో బానెట్ మీద చెయ్యి పెట్టలేం, ఇక స్ప్రే ఏం అంటుకుంటుంది? నీడలో, రేకు చల్లారాక, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో కొట్టాలి. ఇప్పటికే గరుకైతే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టకండి, రబ్బరు నున్నబడదు, ఉండలు కట్టి లేచిపోతుంది. పైన ఒక తడి కోటు వేసి చూడండి. కుదరకపోతే పీకి మళ్లీ కొట్టడమే.

అద్దాల మీద, పక్క బండి మీద పడిన పొడికి టెన్షన్ పడక్కర్లేదు, చాలావరకు గుడ్డతో తుడిస్తే పోతుంది. పక్క ఫ్లాట్ వాళ్లు చూడకముందే తుడిస్తే ఇంకా మంచిది.

నలుపు మీద పాలిపోయినట్టు తెల్లటి మసక

ఇది తేమ చేసే పని. సాల్వెంట్ ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాల్లోని తేమ దాని మీద చేరి మసకలా నిలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలోనూ, ఎక్కడైనా ముసురు రోజుల్లోనూ ఇది మామూలే. పొడి వాతావరణం వచ్చాక ఒక కోటు వేస్తే సాధారణంగా సర్దుకుంటుంది. కోటుకీ కోటుకీ మధ్య ఇచ్చే పావుగంట, ఇరవై నిమిషాల గ్యాప్‌ని ఇలాంటి రోజుల్లో అరగంట చేయండి.

టేపు తీస్తే కోటింగూ లేచింది

ఆరాక తీశారన్నమాట. ఆఖరి కోటు తడి ఆరకముందే టేపు లాగేయాలి, అప్పుడే అంచు గీత గీసినట్టు వస్తుంది. చిన్న లోగోల చుట్టూ టేపుతో కుస్తీ పట్టే బదులు మొత్తం మీద కొట్టేసి, ఆరాక అక్షరాల చుట్టూ టూత్‌పిక్‌తో గీసి అనవసరమైన భాగం పీకేయడం నయం.

చిన్న చిన్న గుంటలు, రేకుకు అంటుకోని చుక్కలు

వ్యాక్స్, డ్యాష్‌బోర్డ్ పాలిష్, టైర్ పాలిష్‌లోని సిలికాన్. వీల్స్ మీదైతే బ్రేక్ దుమ్ము, గ్రీజు. పైన ఎన్ని కోట్లు వేసినా పోదు. పీకేసి, గిన్నెల లిక్విడ్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మొదటినుంచి కొట్టాలి. కారిపోయిన చారలైతే చేత్తో ముట్టుకోకండి, ఆరేకొద్దీ చాలావరకు సర్దుకుంటాయి.

పెట్రోల్ మూత చుట్టూ జిగురుగా కరిగింది

ఈ రబ్బరుకు పెట్రోల్ పడదు. బంకులో గన్ బయటికి తీసేటప్పుడు కారిన నాలుగు చుక్కలు చాలు. వెంటనే తుడవాలి. ఆ మూత ప్యానెల్ వదిలేసి కొట్టడమే నా సలహా, అక్కడ అతుకులు వేసినా తేడా తెలిసిపోతుంది.

కోటింగుతో పాటు అసలు పెయింటే వచ్చేసింది

దీనికి ఇంట్లో మందు లేదు, పెయింటర్ దగ్గరికి వెళ్లాల్సిందే. కంపెనీ పెయింట్ గట్టిగా ఉంటే ఇలా జరగదు. ఎక్కడో గుద్దుకుని పుట్టీ పెట్టి అరకొరగా పెయింట్ చేసిన ప్యానెళ్లు, క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర) లేచిపోతున్న బానెట్లు, ఇంకా పూర్తిగా గట్టిపడని కొత్త పెయింట్ ఇలా దెబ్బతింటాయి. సెకండ్ హ్యాండ్ బండైతే ముందే ఎండలో పక్కకు వంగి చూడండి, ఒక డోర్ రంగు పక్కదానితో కలవకపోతే అనుమానించాల్సిందే. ఆ డోర్ కింది అంచున అరచేతి మేర కొట్టి, ఆరాక పీకి చూశాకే మిగతా పని.

బండి మొత్తం రంగు మార్చే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. ఆర్సీలో రంగు రాసి ఉంటుంది కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని మార్పించుకోండి. పీకితే పోయేదే కదా అంటే చెకింగ్‌లో ఆపినవాళ్లు వినరు.

ఇక ఎక్కడ కొట్టాలన్నది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు. ఈ డబ్బాల్లోని సాల్వెంట్ ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది, తల కూడా తిరుగుతుంది. మామూలు గుడ్డ మాస్కు, ఎన్95 దాన్ని ఆపలేవు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. గాలి ఆడే చోట, సిగరెట్టు గానీ పొయ్యి గానీ దగ్గర్లో లేకుండా కొట్టండి.