చిట్టి చామంతులు మొరాయిస్తే: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి చికిత్స

నా చిట్టి చామంతుల్లో పురుగు తిని పోయినవి తక్కువ, నేను ముద్దు చేసి చంపినవి ఎక్కువ. డైసీ, సీమ చామంతి, గుండీలంత పూలు పూసే పొట్టి చామంతి అన్నీ ఒకే కుటుంబానివి. వాటి కష్టాలూ చాలావరకు ఒకేలా ఉంటాయి. అందుకే ఆకు మీద ఏదైనా కనబడగానే మందు సీసా వెతకకండి. ముందు కుండీ ఎత్తి బరువు చూడండి, మట్టిలో వేలు పెట్టండి. సగం జబ్బులు అక్కడే తేలిపోతాయి.

ఆకులు పసుపుబారుతున్నాయి

ఏ ఆకులు అన్నదే అసలు ప్రశ్న. అడుగు ఆకులు పసుపుబారి, మట్టి తడిగా, కుండీ బరువుగా ఉంటే వేర్లకు ఊపిరాడటం లేదని అర్థం. ఇక్కడ ఒక మోసం ఉంది. వేరు కుళ్లిన మొక్క నీళ్లు అందని మొక్కలాగే వడలిపోతుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోయిందంటే నీళ్లు ఆపి, కుండీ బోర్లించి వేర్లు చూడాలి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచివి. గోధుమరంగు తిరిగి, మెత్తబడి, వాసన వేసేవాటిని కత్తిరించండి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా మాగిన ఎరువు, ఒక పాలు ముతక ఇసుక కలిపి, అడుగున రంధ్రం ఉన్న కుండీలో మళ్లీ నాటండి. నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. ఆ తర్వాత పైమట్టి రెండు, మూడు సెంటీమీటర్ల లోతు ఆరాకే నీళ్లు. వేర్లు సగానికి పైగా పోయి ఉంటే ఆశ పెట్టుకోకుండా, పైన బాగున్న కొమ్మల కొనలు తుంచి ఇసుకలో గుచ్చండి. చామంతి కొమ్మ సులువుగానే వేరు పోసుకుంటుంది.

మట్టి సరిగానే ఆరుతూ అడుగు ఆకులు మాత్రమే పాలిపోతుంటే అది నత్రజని లోపం. గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. కొత్త ఆకులు పసుపుగా, వాటి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. నీటిలో సున్నం ఎక్కువగా ఉన్నచోట ఇది తరచుగా కనిపిస్తుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. వాన నీళ్లు పట్టి పోయండి, తొందరైతే చీలేటెడ్ ఇనుము (వేరు సులువుగా తీసుకోగలిగే రూపంలోని ఇనుము) పొట్లం మీద రాసిన మోతాదులో వాడండి.

మొక్క ఏపుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు

రోజుకు ఆరు గంటల ఎండ తగలని మొక్క పొడుగ్గా సాగి, వెలుగు వైపు వాలి ఉంటుంది. చోటు మార్చడమే దానికి మందు. ఎండ బాగానే ఉండి, ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే నత్రజని ఎక్కువైంది. యూరియా, పచ్చి పేడ నీళ్లు ఆపి పొటాష్ ఉన్న ఎరువు కొద్దిగా వేయండి.

ఈ రెండూ కాకపోతే? చామంతి విషయంలో రాత్రి దీపాన్ని అనుమానించండి. చామంతి రాత్రులు పొడుగైతేనే మొగ్గ వేస్తుంది. మధ్యలో వెలుగు పడితే దాని లెక్క తప్పుతుంది. మా గుమ్మం దీపం కింద పెట్టిన కుండీ సీజనంతా ఆకులు వేస్తూనే ఉంది, నాలుగడుగుల దూరంలో గోడ చాటున ఉన్నది విరగబూసింది. నేను మాత్రం ఎరువులు మారుస్తూ కూర్చున్నాను. రోజూ 13, 14 గంటల పాటు చీకటి చెదరని చోటికి కుండీ జరపండి, లేదా సాయంత్రం అట్టపెట్టె బోర్లించి ఉదయం తీయండి. మొగ్గలు కనబడేదాకా ఒక్క రాత్రీ మానకూడదు. డైసీకి, సీమ చామంతికి ఈ పేచీ లేదు. వాటికి వేడే శత్రువు, ఎండలు ముదిరితే పూయడం మానేస్తాయి.

ఒకటి రెండు పూలే పూసి ఆగిపోతోందా? మొక్క 10–15 సెంటీమీటర్లు ఎదిగినప్పుడు తల తుంచలేదన్నమాట. తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వాడిన పూలను కాడతో సహా తీసేయడమూ అంతే ముఖ్యం.

విత్తనాలు మొలవలేదు

దుమ్ములాంటి ఆ గింజలను మట్టితో కప్పేసి ఉంటారు. సీమ చామంతి, డైసీ గింజలకు వెలుగు తగలాలి. తడి మట్టి మీద చల్లి వేలితో అదిమితే చాలు, ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. మొలిచిన నారు మొదలు దగ్గర సన్నబడి పడిపోతే అది నారుకుళ్లు. పడినవి బతకవు. మిగిలినవాటిని పలుచన చేసి, గాలి తగిలేలా ఉంచి, నీళ్లు అడుగు పళ్లెంలో పోయండి.

ఆకుల మీద తెల్లటి పొడి

బూడిద తెగులు. ఆకు తడవకపోయినా వస్తుంది. గాలిలో తేమ ఉండి, మొక్కలు ఒత్తుగా ఉంటే చాలు. పట్టిన ఆకులు తీసేసి, కుండీలను ఎడంగా జరపండి. తగ్గకపోతే గంధకం పొడి మందు, అదీ చల్లని వేళలోనే.

మొగ్గల నిండా చిన్న పురుగులు, కింద చీమలు

పేనుబంక. చీమలు దాని తీపి జిగురు కోసం వస్తాయి, వాటిని చంపి లాభం లేదు. పైపు నీళ్లతో జోరుగా కడగండి. మిగిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా సాయంత్రం పిచికారీ చేయండి.

పూలు వింతగా ఉన్నాయి

డైసీ రేకులు సాయంత్రం ముడుచుకుంటే కంగారు వద్దు, దాని అలవాటే అది. కాడ పట్టీలా చదునై, రెండు పూలు అతుక్కుపోయినట్టు వస్తే అది కొన పెరుగుదలలో జరిగిన పొరపాటు, సాధారణంగా పక్క మొక్కకు అంటదు. పూరేకులే పచ్చబడి, ఆకుల్లా మారి, మొక్క కురచగా గుబురు కడితే మాత్రం ఊరుకోకూడదు. ఇది ఫైటోప్లాస్మా అనే, బ్యాక్టీరియా లాంటి అతి సూక్ష్మజీవి తెచ్చే జబ్బు, రసం పీల్చే గెంతుడు పురుగులు దీన్ని మొక్క నుంచి మొక్కకు మోసుకెళ్తాయి. నయం చేసే మందు లేదు. చుట్టుపక్కల కలుపుతో సహా ఆ రోజే పీకేయండి. మట్టిలో మాత్రం ఇది నిలవదు. అదే కుండీలో కొత్త మొక్క నాటుకోవచ్చు.