మెడ, నడుము నొప్పులకు మసాజర్ కొనే ముందు

మూడు నెలలు దాటినా వదలని మెడనొప్పికో నడుము నొప్పికో మసాజర్ కొనాలనుకున్నప్పుడు, పెట్టె మీద అచ్చువేసిన వేగాల సంఖ్య కన్నా ముందు, నొప్పి కండరానిదా కాదా, యంత్రాన్ని పట్టుకోవలసిన చెయ్యి ఎవరిది అన్న రెండు సంగతులు తేల్చుకోవాలి. పట్టేసిన కండరాన్ని మసాజర్ వదులు చేస్తుంది గాని అరిగిన కీలును బాగుచేయదు. నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

మా అమ్మ భుజం నొప్పికి నేను మొదట కొన్న మసాజ్ గన్ (చేత్తో పట్టుకుంటే, దాని తల వేగంగా ముందుకూ వెనక్కూ కదులుతూ కండరాన్ని తట్టే యంత్రం) దాదాపు కిలో బరువుండేది. కుడి భుజం మీద ఆనించాలంటే ఎడమ చేత్తో ఎత్తి పట్టుకోవాలి. రెండు నిమిషాలకే ఆ చెయ్యి కూడా లాగేస్తోందని పక్కన పెట్టేసింది. ఇప్పుడు కుర్చీలో వీపు వెనక పెట్టుకుని ఆనుకుంటే చాలు, లోపలి ఉండలు తిరుగుతూ పిసికే దిండు మసాజర్ వాడుతోంది. ఒంటరిగా ఉండే పెద్దలకు నేను మొదట చెప్పేది ఇదే.

గన్ కావాలనుకుంటే, దాని తల ఎన్ని మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ కదులుతుందో చూడండి. కసరత్తు చేసేవారి తొడలకు 12 మిల్లీమీటర్లు సరిపడవచ్చు గాని, సన్నని వృద్ధ శరీరానికి 6 నుంచి 8 వరకు, అదీ మెత్తని తలతో, చాలు. అతి తక్కువ వేగంతో మొదలుపెట్టి ఒకచోట రెండు నిమిషాలకు మించకుండా వాడాలి. వెన్నెముక మీద, మెడ ముందు భాగంలో అసలు పెట్టకూడదు.

చర్మానికి ప్యాడ్లు అంటించి సన్నని విద్యుత్తు పంపే టెన్స్ యంత్రం వేరే రకం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దాని జోలికి పోకూడదు.

చక్కెర వ్యాధితో పాదాల స్పర్శ తగ్గినవారికి వేడినిచ్చే ఫుట్ మసాజర్ కొని ఇవ్వకండి, కాలినా వారికి తెలియదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, కాలి సిరల్లో గడ్డ కట్టినవారు, ఎముకలు గుల్లబారినవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఏ మసాజరూ వాడకూడదు. మిగిలినవారు కూడా 15 నిమిషాలకు తనంతట తానే ఆగిపోయేదాన్నే ఎంచుకోండి, ఎందుకంటే హాయిగా ఉన్నప్పుడు కునుకు పట్టడం సహజం. వీలైతే దుకాణంలోనే, వాడబోయే మనిషి చేతికే ఇచ్చి, నొప్పి ఉన్నచోటికి చెయ్యి అందుతోందో లేదో చూశాకే డబ్బు చెల్లించండి.