డిప్లొమా తర్వాత బీటెక్: ఈసెట్‌కి ఇప్పుడే కూర్చోండి

పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉండి, ఇంకా చదవాలని మనసులో ఉంటే ఈసెట్ రాయండి, డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష ఇది. ఆంధ్రాలో, తెలంగాణలో విడివిడిగా జరుగుతుంది, ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు, అంటే పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి చదివిన మూడేళ్లలో ఒక ఏడాది మీకు కలిసొస్తుంది.

పేపర్ 200 మార్కులకి, మూడు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి 100. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. అర్హతకి 50 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకి ఆ హద్దు కూడా లేదు. డిప్లొమాలో 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉంటే 40. అయితే అర్హత వచ్చినంత మాత్రాన మంచి కాలేజీలో సీటు వచ్చినట్టు కాదు, లాటరల్ ఎంట్రీకి, అంటే ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరడానికి, ఉండే సీట్లే తక్కువ.

చాలామంది బ్రాంచి సబ్జెక్టులే చదువుతారు. నేనూ అదే చేశాను, మొదటి ఏడాదిలో చదివిన మాట్రిసెస్, పార్షియల్ ఫ్రాక్షన్స్, ట్రిగొనోమెట్రీ పరీక్ష హాల్లో ఒక్కటీ గుర్తురాలేదు. మీరు ఐదో సెమిస్టర్ నుంచే రోజూ ఒక గంట లెక్కలకి ఇవ్వండి, పాత ప్రశ్నపత్రాలు టైమ్ పెట్టుకుని రాయండి. బ్యాక్‌లాగ్ ఉంటే ముందు దాన్ని క్లియర్ చేసుకోండి, డిప్లొమా పాస్ కాకపోతే ర్యాంకు ఉన్నా సీటు రాదు.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలోనో సచివాలయంలోనో ముందే తీసుకోండి. స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ ముందు రోజు వెతకడం మొదలుపెడితే పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీల ఎంపిక, మీరే పెట్టుకోండి, నెట్ సెంటర్ వాళ్లకి వదిలేయకండి. నిజంగా చేరాలనుకున్న కాలేజీని పైన పెట్టండి, ర్యాంకు బాగా రాకపోతే ఆప్షన్లు ఎక్కువ పెట్టండి.

దూరవిద్యలో బీటెక్ ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి, దేశంలో సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ దాన్ని ఒప్పుకోదు. ఐటీఐ చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకీ చెప్పండి, బ్రిడ్జ్ కోర్సు చేసి పరీక్ష రాస్తే డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు.

సీటు వచ్చాక క్లాసులు మొదలయ్యేలోపు బీటెక్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. రెండో ఏడాదిలో సార్లు అవన్నీ మీకు వచ్చనే అనుకుని పాఠం మొదలుపెడతారు.