రేడియోహెడ్ పాటల్లో మీ పదింటిని ఏరుకునే పద్ధతి

ఇంగ్లండ్‌కు చెందిన రేడియోహెడ్ అనే రాక్ బృందం 1993 నుంచి 2016 వరకు తొమ్మిది ఆల్బమ్‌లు వెలువరించింది. వాటన్నింటిలో కలిపి దాదాపు వంద పాటలున్నాయి. అందులోంచి నాకు ప్రాణమైన పది పాటలను ఏరుకోవడానికి మూడేళ్లు పట్టింది. అందులో సగం కాలం వృథాగా పోయింది, ఎందుకంటే ఎవరో కూర్చిన జాబితాలు వింటూ, వారికి నచ్చినవే నాకూ నచ్చాయని అనుకుంటూ గడిపాను. నిరుడు వేసవిలో, అనంతపురంలో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడికి ఈ పాటలు పరిచయం చేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఒక వరుస పెట్టుకున్నాను. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వినే ఏర్పాటు సరిగా ఉండాలి. ఫోను స్పీకరులో వినవద్దు, ఒకే ఇయర్‌ఫోనును ఇద్దరు పంచుకొని కూడా వినవద్దు. ఈ బృందంలో గిటారు వాయించేవారే ముగ్గురు: జానీ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, వారితో పాటు పాడే థామ్ యార్క్. ఒక గిటారును ఎడమ చెవికీ మరొక దానిని కుడి చెవికీ పంచిన పాటలు వీరికి ఎన్నో ఉన్నాయి. మొదటి రోజు సాయంత్రం కరెంటు పోయి, మేమిద్దరం మిద్దె మీద కూర్చొని చెరొక చెవిలో తీగ పెట్టుకొని 'వియర్డ్ ఫిషెస్' విన్నాం. "గిటారు ఒకటే కదా మామా, ఇంతసేపూ అదే వాయిస్తా ఉండాడు" అన్నాడు వాడు. తప్పు వాడిది కాదు, వాడి చెవికి సగం పాటే అందింది. మరునాడు రెండు ఇయర్‌ఫోన్లు ఒకేసారి తగిలించే చిన్న జాక్ కొనుక్కొచ్చాను. అదే పాటను మళ్లీ వినిపిస్తే, ఒకదాని సందుల్లోంచి మరొకటి దూరి వచ్చే ఆ తీగల అల్లికను వాడు తల ఎత్తకుండా చివరిదాకా విన్నాడు.

తరువాత, ఎక్కడ మొదలుపెట్టాలన్నది. చాలామంది 1992లో వచ్చిన 'క్రీప్'తో మొదలుపెడతారు, అందరికీ తెలిసిన పాట అదే గనుక. మంచి పాటే. పాట మొత్తం నాలుగు కార్డ్‌ల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) మీదే తిరుగుతుంది. పల్లవికి ముందు జానీ గ్రీన్‌వుడ్ గిటారును బలంగా కొట్టే ఆ రెండు మూడు దెబ్బలు, పాట మరీ మెత్తగా ఉందన్న విసుగుతో అతను కొట్టినవట. ఆ దెబ్బలే పాటకు గుర్తుగా నిలిచాయి. అయితే 'క్రీప్'ను ముందు విన్నవారు మిగిలిన తొంభై తొమ్మిదింటిలోనూ మరో 'క్రీప్' కోసం వెతుకుతారు. అది దొరకదు. అందుకే ఆ పాటను చివరికి ఉంచుకొని, 2007 నాటి 'ఇన్ రెయిన్‌బోస్'తో మొదలుపెట్టమని చెబుతాను. పది పాటలు, 42 నిమిషాలు, కొత్త చెవికి ఎక్కడా గరుకు తగలదు. ఇంతకూ, ఆ ఆల్బమ్‌ను తొలుత ఇంటర్నెట్టులో పెట్టి, ఎంత ఇవ్వాలో వినేవారినే నిర్ణయించుకోమన్నారు. పైసా ఇవ్వకుండానూ తీసుకోవచ్చన్నారు.

రెండోది 1997 నాటి 'ఓకే కంప్యూటర్'. దీనిని ప్రయాణంలో వినండి. అనంతపురంలో కర్నూలు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చొని మొదలుపెడితే, 53 నిమిషాల్లో 12 పాటలూ ముగిసి, గుత్తి కోట ఉన్న కొండ కనిపించే వేళ అవుతుంది. ఈ ఆల్బమ్ కారు ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ మనిషి మాటతో మొదలవుతుంది. రోడ్లు, యంత్రాలు, వేగం, అందులో మనిషికి కలిగే వెలితి దానినిండా ఉంటాయి గనుక, ఎర్రనేల వెనక్కి పరుగెత్తుతుంటే వినడం వేరు, గదిలో కూర్చొని వినడం వేరు. అయిదో పాట 'లెట్ డౌన్' దగ్గర మాత్రం ఫోను చూడకండి. ఒక మూలన గిటారు తక్కిన వాద్యాలతో కలవని లెక్కలో తిరుగుతూ ఉంటుంది, విడిపోతుందేమో అనిపిస్తుంది, కానీ విడిపోదు. చివరి చరణంలో యార్క్ గొంతు రెండుగా చీలి, ఒకటి కింద నడుస్తుండగా మరొకటి పైకి లేస్తుంది. నా జాబితాలో మొదటి స్థానం ఆ ఒక్క నిమిషానిది. దాన్ని ఇంగ్లండ్‌లోని బాత్ నగరం దగ్గర ఒక పాత భవనపు నాట్యశాలలో, తెల్లవారుజామున మూడు గంటలకు రికార్డు చేశారు. ఆ పెద్ద గది గాలి పాటలో వినిపిస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు తాళం లెక్క సంగతి. రాయలసీమలో చెక్కభజన చూస్తూ పెరిగినవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, దెబ్బ ఎక్కడ పడుతోందో చెవి తనంతట తానే వెతుకుతుంది. 'ఇన్ రెయిన్‌బోస్'లోని మొదటి పాట '15 స్టెప్'ను తొడ మీద నాలుగు దెబ్బలుగా లెక్కపెడితే ప్రతి ఆవర్తనంలోనూ ఒక దెబ్బ మిగిలిపోతుంది. మేనల్లుడు నాలుగుసార్లు తప్పి, "దెబ్బ యాడో ఎగిరిపోతా ఉంది మామా" అన్నాడు. అది అయిదు లెక్క. 'తక తకిట' అంటూ ఖండ చాపుగా, అంటే మన సంగీతంలోని అయిదు లెక్క తాళంగా, వేయించాను, పాట ముగిసేవరకు మళ్లీ తప్పలేదు. అలాగే 2003 నాటి '2 + 2 = 5' పాట మొదటి భాగం ఏడు లెక్కలో సాగుతుంది, అక్కడ 'తకిట తకధిమి' సరిపోతుంది. రాక్ సంగీతం అంటే నాలుగు దెబ్బల హోరు అని కొట్టిపారేసేవారికి నేను ముందుగా వినిపించేవి ఈ రెండే. 2001 నాటి 'పిరమిడ్ సాంగ్' మాత్రం లెక్కకు లొంగదు. పియానో ఒక్కటే ఉన్నంతసేపూ తాళం ఎక్కడుందో తోచదు. పాట సగం కావస్తుండగా ఫిలిప్ సెల్వే డ్రమ్స్ వచ్చి చేరతాయి, అప్పటిదాకా తేలుతున్నదంతా ఒక్కసారిగా నేలకు ఆనుతుంది. దీనికి లెక్కపెట్టవద్దు, ఎదురుచూడండి.

సాహిత్యం జోలికి తొందరపడి పోకూడదు. యార్క్ మాటలను నమిలి పాడతాడు, ఇంగ్లీషు బాగా వచ్చినవారికీ మొదటిసారి సగమే అందుతాయి. కాగితం ముందు పెట్టుకొని వింటే కన్ను చదువుతుంది, చెవి పని మానేస్తుంది. మూడుసార్లు విన్నాక చదవండి. 'నో సర్‌ప్రైజెస్' ఇందుకు మంచి ఉదాహరణ: గంటల్లా మోగే గ్లాకెన్‌స్పీల్ అనే లోహపు పలకల వాద్యం వల్ల జోలపాటలా ఉంటుంది, మాటలు చూస్తే బతుకుతో అలసిన మనిషి నిట్టూర్పు. ఆ రెంటికీ మధ్య దూరం మనకు తర్వాత తెలియడంలోనే పాట బలం ఉంది.

2000లో వచ్చిన 'కిడ్ ఎ'ను ఆల్బమ్‌లన్నింటికన్నా చివర పెట్టుకోండి. గిటార్లు వెనక్కి తగ్గి యంత్రనాదాలు ముందుకొచ్చిన ఆల్బమ్ అది. మొదటి వారం నాకు అసలు నచ్చలేదు. నచ్చకపోతే ఒక నెల వదిలేసి మళ్లీ రండి, 'హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ'తో మొదలుపెట్టి రాత్రిపూట వినండి.

ఏరుకునే పని దీని తర్వాతే. ఒక నోటుబుక్కు పెట్టుకొని, ఏ పాటనైనా మూడు వేర్వేరు వేళల్లో విన్నాకే దాని పేరు రాయాలి. పేరు పక్కన, ఎన్నో నిమిషంలో ఏది మిమ్మల్ని పట్టుకుందో ఒక్క వాక్యం రాయాలి. 'చాలా బాగుంది' అన్నది లెక్కలోకి రాదు. ఆ వాక్యం రాయలేకపోతే, ఎంత పేరున్న పాటైనా పక్కన పెట్టాలి. ఈ నియమం వల్లే నా జాబితాలోంచి 'పారనాయిడ్ ఆండ్రాయిడ్' పోయింది, దాని బదులు 'స్ట్రీట్ స్పిరిట్' వచ్చింది.

పదో స్థానానికి 'ట్రూ లవ్ వెయిట్స్'ను రెండు రూపాల్లో విని నిర్ణయించుకోండి. 1995 నుంచే కచేరీల్లో పాడుతున్నా, స్టూడియో రికార్డింగు 2016లో 'ఎ మూన్ షేప్డ్ పూల్' చివరి పాటగా గానీ రాలేదు. 2001 నాటి కచేరీ రికార్డులో ఒక్క గిటారుతో బతిమాలుతున్నట్టు ఉంటుంది. 2016 నాటి దానిలో గిటారు లేదు, పియానో స్వరాలు ఒకదానిపై ఒకటి మసకగా పడుతుంటాయి, బతిమాలడం అయిపోయిన గొంతు పాడుతుంది. నేను రెండో దాన్ని రాసుకున్నాను. మేనల్లుడు గిటారు పాటను రాసుకున్నాడు, పక్కన "మొదటి నిమిషం నుంచే" అని ఒక వాక్యం పెట్టాడు.