నవలకు సొంత ఎడిటింగ్ – 6వ పాఠం: పేరు మార్చాక మిగిలే పని

రాజు, రాజేశం, రాజ్యం... ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లుంటే పాఠకుడు తికమకపడతాడని, మార్చమని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. మార్చారు. అయితే ఎక్కువమంది, ఫైలంతటా ఒక మాటను ఒకేసారి మార్చేసే 'రీప్లేస్ ఆల్' నొక్కి ఊరుకున్నారు. ఫలితం: 'పొయ్యిలో నిప్పు మూర్తికుంది.'

అందుకని సంభాషణల పాఠం వాయిదా వేసి, ఈసారి దీని సంగతే చూద్దాం.

రాజును మూర్తి చేయగానే రాజుకుంది, మహారాజు, తరాజు లాంటి మాటలన్నీ చెడతాయి. విభక్తి కూడా దెబ్బతింటుంది. రాజుకు, రాజును అని రాసి ఉంటే అవి మూర్తికు, మూర్తిను అవుతాయి. ఇకారాంతానికి కి, ని రావాలి. ఇది కంటికి ఆనదు, పైకి చదివితేనే దొరుకుతుంది.

నాకు ఒళ్లు మండేది మాత్రం మారకుండా మిగిలిపోయేవాటితో. 'ఒరేయ్ రాజూ', 'రాజంటే', 'రాజెక్కడ', 'రాజొచ్చాడు', 'రాజిగాడు'. సంధిలో ఉకారం పోయింది, పిలుపులో దీర్ఘమైంది. కంప్యూటర్ లెక్కలో ఇవేవీ 'రాజు' కావు. 120వ పేజీలో ఉన్నట్టుండి రాజెవరో ఊడిపడితే సంపాదకుడు వెనక్కి వెళ్లి వెతకడు, ప్రతిని పక్కన పెడతాడు. 'పూర్తి పదం మాత్రమే' అని టిక్ పెట్టినా లాభం లేదు. అప్పుడు రాజుకి, రాజుతో, రాజుగారు అన్నీ తప్పించుకుంటాయి.

ముందు ఫైలుకు కాపీ తీసి దాచుకోండి. రాజూ, రాజం, రాజె, రాజొ, రాజి విడివిడిగా వెతకండి, చివర్లో రాజు. ప్రతిసారీ 'ఫైండ్ నెక్స్ట్' నొక్కి, వాక్యం చదివి, చేత్తో మార్చడమే. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాతరకం తెలుగు ఫాంట్లు) టైపు చేసినవాళ్లు ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని, ఆ మార్పిడిలో చెడిన ఒత్తులు సరిచూసుకున్నాకే ఈ పనికి దిగాలి. నేనైతే కొత్త పేరు కూడా ఉకారంతో ముగిసేదే ఎంచుకుంటాను. రాజు బదులు వేణు అంటే విభక్తుల బాధ సగం తప్పుతుంది.

ఇక అతను, ఆయన సంగతి. రాజు కాస్తా మూర్తిగారయ్యాక 'వచ్చాడు' అలాగే మిగిలిందేమో చూడండి.

అభ్యాసం: పిలుపుల పట్టిక గీయండి. ముఖ్యపాత్రలు 5 ఉంటే, ఒక్కొక్కరు మిగతా నలుగురినీ పిలిచే లెక్కన 20 గళ్లు. ఎవరు ఎవర్ని ఏ వరసతో పిలుస్తారు, నువ్వా, మీరా అన్నది ప్రతి గడిలో రాసి, నవల మొత్తం దానితో పోల్చండి. పెళ్లయ్యాకో గొడవయ్యాకో పిలుపు మారితే ఏ పేజీలో మారిందో కూడా ఆ గడిలోనే వేయాలి.