అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పు వార్త వస్తే ఎలా చదవాలి

"హెచ్4 ఈఏడీ మీద కోర్టు తీర్పు వచ్చేసింది" అని ఫార్వార్డ్ రాగానే (హెచ్4 ఈఏడీ అంటే హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) కంగారు పడకండి, ముందు ఏ కోర్టో చూడండి, సగం విషయం అక్కడే తేలిపోద్ది.

కింద 94 డిస్ట్రిక్ట్ కోర్టులున్నాయి, కేసు మామూలుగా మొదలయ్యేదీ సాక్ష్యాలు చూసేదీ ఇక్కడే, మామూలుగా ఒక్క జడ్జే వింటారు. పైన 13 అప్పీల్స్ కోర్టులు, ఎక్కువగా ముగ్గురు జడ్జిలు కూర్చుంటారు, కొత్త సాక్ష్యాలు తీసుకోరు, కింది జడ్జి చట్టాన్ని సరిగ్గా పట్టుకున్నారా లేదా అనేదే ముఖ్యంగా చూస్తారు. ఆపైన తొమ్మిది మంది సుప్రీంకోర్టు, నలుగురు సరే అంటేనే అప్పీల్ వింటారు. ఇమిగ్రేషన్ కోర్టు వీటిల్లోకి రాదండి, అది జస్టిస్ డిపార్ట్‌మెంట్ కింద నడుస్తుంది, చాలామంది కలిపేస్తుంటారు.

హెచ్4 ఈఏడీ కేసే చూడండి. 2015లో ఈ అనుమతి ఇచ్చే రూల్ రాగానే సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే అమెరికన్ టెక్ ఉద్యోగుల సంఘం వాళ్ళు వాషింగ్టన్ డీసీ డిస్ట్రిక్ట్ కోర్టుకెళ్ళారు, 2016లో మీకు కేసు వేసే అర్హతే లేదని కొట్టేశారు, 2019లో అప్పీల్స్ కోర్టు అర్హత ఉందని వెనక్కి పంపింది. అంటే ఈఏడీ రద్దయిందని కాదు, మళ్ళీ వినమని అంతే! 2023లో జడ్జి తాన్యా చుట్కన్ ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు, 2024లో అప్పీల్స్ కోర్టూ సరే అంది, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అసలు విననంది. విననంటే రూల్ కరెక్టని ముద్ర వేసినట్టు కాదు, కింది తీర్పు అలాగే ఉండిపోతుంది, రేపు ప్రభుత్వమే పద్ధతి ప్రకారం రూల్ మార్చాలనుకుంటే ఈ తీర్పు అడ్డం రాదు.

తర్వాత చూడాల్సింది అది ఫైనల్ తీర్పా లేక కేసు తేలేదాకా ఆపమన్న ప్రిలిమినరీ ఇంజంక్షనా అని, ఇంకా అది ఎవరికి వర్తిస్తుందని. 2025 జూన్‌లో ట్రంప్ వర్సెస్ కాసా కేసులో సుప్రీంకోర్టు, ఒక డిస్ట్రిక్ట్ జడ్జి దేశం మొత్తానికీ ఇంజంక్షన్ ఇచ్చే పద్ధతికి బాగా కళ్ళెం వేసింది, కాబట్టి ఆర్డర్ ఆ కేసు వేసినవాళ్ళకేనా, క్లాస్ యాక్షనా (ఒకే సమస్య ఉన్న అందరి తరఫునా వేసే కేసు), దాంట్లో మీరొస్తారా అన్నది తప్పకుండా చూసుకోండి.

అసలు కాగితం కావాలంటే ఫెడరల్ కోర్టుల ఫైళ్ళుండే అధికారిక సైట్ పేసర్‌లో అకౌంట్ తీసుకోండి, పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఏమీ కట్టక్కర్లేదు. కోర్ట్‌లిజనర్ అనే వేరే సైట్‌లో చాలా ఫైళ్ళు ఫ్రీగానే దొరుకుతాయి. కేసు నంబర్‌లో "15-సీవీ" అని ఉంటే 2015లో వేసిన సివిల్ కేసు, "సీఆర్" అంటే క్రిమినల్. టైమ్ లేకపోతే ముందు చివరి పేజీకెళ్ళండి, జడ్జి ఏం ఆర్డర్ చేశారో ఎక్కువగా అక్కడే రాస్తారు.