బుద్ధపాదాన్ని చదవడం – 3వ పాఠం: అరికాలి నడుమ చక్రం

గత పాఠంలో బుద్ధపాదం, అంటే రాతిపలక మీద చెక్కిన బుద్ధుని పాదముద్ర, అంచు మాత్రమే గీశాం. మీలో చాలామంది వేళ్ళను మన కాలివేళ్ళలాగే చిటికెనవేలి వైపు తగ్గించుకుంటూ వచ్చి ఉంటారు. నేను మొదటిసారి గీసినప్పుడు చేసిన పొరపాటూ అదే. శిల్పి చెక్కిన బుద్ధపాదంలో అయిదు వేళ్ళ కొసలూ ఇంచుమించు ఒకే గీత మీద ఆగుతాయి కాబట్టి, కుడి ఎడమలను వేళ్ళ పొడవును బట్టి కాక బొటనవేలి లావును బట్టే పోల్చుకోవాలి.

ఇది కాలి బొమ్మ కాదని, పూలు పెట్టి మొక్కిన పూజావస్తువని గుర్తుంచుకుంటే ఆ కొలతల పట్టింపు అర్థమవుతుంది. నాగార్జునకొండలో మహావిహారవాసులనే శ్రీలంక బౌద్ధ శాఖకు చెందిన భిక్షువుల విహారంలో దొరికిన ప్రాకృత శాసనం ఈ పాదాల జంటను ‘పాదసంఘాడ’ అని పిలుస్తుంది.

ఇప్పుడు చక్రం. ఇంట్లో మిగిలిన నాపరాయి ముక్క, సుద్దముక్క, మూరెడు దారం ఉంటే చాలు. వేళ్ళ మొదళ్ళ నుంచి మడమ కొస వరకు ఉన్న పొడవులో సగం దగ్గర, ముగ్గుకు పెట్టినట్టే ఒక చుక్క పెట్టి, దారం కొసను దాని మీద ఎడమచేతి బొటనవేలితో అదిమిపట్టి, రెండో కొసకు కట్టిన సుద్దముక్కను చుట్టూ తిప్పండి. దారం కురచ చేసి లోపల మరో రెండు వలయాలు గీయండి. అన్నిటికన్నా లోపలి చిన్న వలయం నాభి. బయటి రెండు వలయాల మధ్య పట్టీ నేమి. నాభికీ నేమికీ మధ్య ఖాళీలో ఆకులు, అంటే బండి చక్రానికి ఉండేలాంటి అడ్డకమ్మీలు, వస్తాయి.

ఆకులు ఎన్ని? జాతీయ జెండాలోని 24 ఇక్కడ నియమం కాదు. బుద్ధుని దీర్ఘ ప్రవచనాల పాళీ సంకలనమైన దీఘనికాయంలోని లక్ఖణ సుత్తం మహాపురుషుని 32 లక్షణాలు చెబుతూ, అరికాళ్ళలో నాభి, నేమి సహితంగా వెయ్యి ఆకుల చక్రాలుంటాయంటుంది. వెయ్యిటిని రాతి మీద పట్టించడం ఎవరి తరం? శిల్పి రాయి ఓర్చుకున్నన్ని చెక్కాడు. మీరు వలయాన్ని నాలుగుగా, ఎనిమిదిగా, పదహారుగా సగం సగం చేసుకుంటూ పోయి అక్కడితో ఆపండి.

ఈ చక్రం పాదానికే పరిమితం కాలేదు. పూర్వపు నల్గొండ జిల్లాలోని ఫణిగిరిలో, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో ఒక ప్రధాన వైద్యుడు స్తంభం మీద ధర్మచక్రాన్ని నిలిపినట్టు శాసనం దొరికింది. అక్కడ చక్రం ఆకాశం కింద ఒంటరిగా నిలిచింది. ఇక్కడ అరికాలిలో ఒదిగింది.

అసలు పలక ముందు నిలబడే అవకాశం వస్తే గీతలను సుద్దతో దిద్దకండి, వేలితో తడమకండి. ఏటవాలు వెలుతురు పడే ఉదయమో సాయంత్రమో చూస్తే లోతు తక్కువైన ఆకులూ నీడలతో పైకి తేలుతాయి.

వచ్చే పాఠానికి ముందు ఎడమపాదం కూడా గీసి, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన వచ్చేలా జత చేసి ఉంచండి. మడమ మీద చోటు ఖాళీగా వదలండి. బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడింటినీ సూచించే త్రిరత్న చిహ్నం అక్కడికే వస్తుంది.